బంతి వెనక కొలువు

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఏ హైస్కూలు గ్రౌండులోకి సాయంత్రం పూట తొంగిచూసినా కబడ్డీ కోర్టు గీతలుంటాయి, ఖోఖో స్తంభాలుంటాయి, వాలీబాల్ నెట్టు ఉంటుంది. మిగిలిన జాగా క్రికెట్‌ది. గోల్‌పోస్టు కనిపిస్తే విశేషమే. ఇది మెట్ట. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు, మిరప, పత్తి, సుబాబుల్, నేల కింద సున్నపురాయి, దాని మీద బతికే సిమెంటు ఫ్యాక్టరీలు. ఎడ్ల పందేలంటే పొద్దుపోయేదాకా నిలబడి చూసే జనం ఫుట్‌బాల్‌ను నాలుగేళ్లకోసారి ప్రపంచకప్ వచ్చినప్పుడు టీవీలో చూస్తారు. అదీ మగవాళ్లదే.

అలాంటి చోట ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి రాయడమేమిటని అడగొచ్చు. కారణం ఒక పేరు. 2025 మే నెలలో భువనేశ్వర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డులు ఇచ్చింది. 2024–25 సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైన అమ్మాయి గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా పిల్ల, లంబాడా ఇంటి బిడ్డ. మణిపూర్, బెంగాల్, ఒడిశా, తమిళనాడు అమ్మాయిల పేర్లే వినిపించే చోట ఒక తెలుగు పేరు వినిపించింది. ఎ.కొండూరు వైపు తండాల్లో తిరిగినవాళ్లకు ఆ ఇంటిపేరు కొత్తేమీ కాదు. మరి నిజామాబాద్‌లో పుట్టిన ఆట మన మెట్టలో ఎందుకు పుట్టలేదు?

ప్రతిభ లేక కాదు. మిరప కోతల్లో నడుం వంచి రోజంతా పనిచేసే తల్లుల పిల్లలకు దమ్ముకేం లోటు? వెతకాల్సింది ఇంకోచోట. ఫుట్‌బాల్ చరిత్రను ఆటగాళ్ల పేర్లతో కాకుండా వాళ్లకు జీతమెవరిచ్చారన్న ప్రశ్నతో చదివితే చాలా సంగతులు తేటపడతాయి. ఈ వ్యాసం ఆ పనే చేస్తుంది.

ముందుగా ఆట సంగతి రెండు ముక్కల్లో. పదకొండు మందిలో గోలు కొట్టినవాళ్ల పేరు పేపర్లో పడుతుంది, ఆపిన గోల్‌కీపర్ పేరూ పడుతుంది. నడుమ ఆడే మిడ్‌ఫీల్డర్ పేరు చాలాసార్లు పడదు. వెనకవాళ్ల దగ్గర బంతి అందుకోవాలి, ముందువాళ్లకు అందించాలి, అవతలివాళ్లు దాడికొస్తే మళ్లీ వెనక్కి పరుగెత్తాలి. తొంభై నిమిషాల్లో పది కిలోమీటర్ల పైమాటే. పెళ్లి పంక్తిలో వడ్డన చేసేవాళ్లలాంటి పని అది: భోజనాలు సాఫీగా సాగినంతసేపూ వాళ్లెవరో ఎవరికీ పట్టదు, ఒక్క విస్తరికి పప్పు రాకపోతే మాత్రం అందరి చూపూ వాళ్ల మీదే. రెక్కల వెంట ఆడే వింగర్లది ఇందులో సగం పని, దాడి చేసేవాళ్లది సగం పని. సౌమ్య ఆడేది అక్కడ.

పోలీసు జట్టు కాలం

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ అనగానే పెద్దలకు గుర్తొచ్చేది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన జట్టది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆ పంతులే 1950 నుంచి భారత జట్టుకు కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మళ్లీ స్వర్ణం. ఆ తర్వాతి ఏడాదే ఆయన క్యాన్సర్‌తో పోయారు. ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ తరానికి కూడా ఆయన పేరు కొంత తెలిసింది. సికింద్రాబాద్ అమ్ముగూడ బస్తీలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కంట్లో పడ్డ కుర్రాడే. మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ ఆడాడు.

రహీం వ్యూహాల గురించి చాలామంది రాశారు. నాకు వాటికన్నా పెద్దదిగా కనిపించేది ఆ జట్టు పేరులో ఉన్న ‘పోలీస్’ అన్న మాట. బస్తీ కుర్రాడికి బూట్లు కొనిచ్చి ఊరుకోలేదు, కొలువిచ్చారు. నెల తిరిగేసరికి జీతం, పొద్దున్నే ప్రాక్టీసు, కాలు విరిగినా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న భరోసా. ఆటే ఉద్యోగం. అవతల బెంగాల్ క్లబ్బులకు డబ్బుంది, అభిమానులున్నారు. హైదరాబాద్‌కు ఉన్నది ఒక ప్రభుత్వ శాఖ. అది చాలింది. ఆ కొలువులు తగ్గాక, మైదానాలు తరిగాక నగరంలో ఫుట్‌బాల్ కూడా తగ్గింది. అందులో మిస్టరీ ఏమీ లేదు.

అయితే ఆ వైభవమంతా మగవాళ్లది. ఆడపిల్ల బంతి తన్నడమన్నది అప్పట్లో ఆలోచనలోకే రాలేదు. మన దగ్గరే కాదు.

ఇంగ్లండులో మొదటి ప్రపంచయుద్ధం నాడు మగవాళ్లు యుద్ధానికి పోతే మందుగుండు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పనికి చేరారు. ప్రెస్టన్ ఊళ్లోని డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిలు భోజన విరామంలో బంతి ఆడుతూ ఆడుతూ జట్టు కట్టారు. 1920 క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లో వాళ్ల ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబరులో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్ల ఆటను నిషేధించింది. ఈ ఆట ఆడవాళ్ల శరీరానికి సరిపడదని సాకు. యాభై ఏళ్లు ఆ నిషేధం నిలిచింది. బ్రెజిల్ ఇంకో అడుగు ముందుకేసి 1941లో ఏకంగా ప్రభుత్వ ఉత్తర్వే ఇచ్చింది, 1979 దాకా అమలు చేసింది. ఇక్కడ కూడా గమనించండి: డిక్ కెర్ అమ్మాయిల జట్టు వెనక ఉన్నది ఒక ఫ్యాక్టరీ.

మన దేశంలో నిషేధం లేదు. అంతకన్నా సులువైన పద్ధతి ఉంది కదా, పట్టించుకోకపోవడం. 1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య విడిగా పుట్టింది. మగవాళ్ల సమాఖ్యతో సంబంధం లేకుండా, చందాల మీద, రైలు రిజర్వేషన్లు లేని ప్రయాణాల మీద నడిచిన సంస్థ. అయినా ఆ అమ్మాయిలు 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో ఫైనల్‌కెళ్లారు, 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్‌కెళ్లారు. రెండుసార్లూ రన్నరప్. బెంగాల్ అమ్మాయి శాంతి మల్లిక్‌కు 1983లో అర్జున అవార్డు వచ్చింది, మహిళా ఫుట్‌బాలర్లలో మొదటిసారి. ఆసియాలో రెండో స్థానమంటే ఈనాటి మన జట్టుకు కల. అప్పట్లో ఆసియాలో ఆడే దేశాలు తక్కువన్నది నిజమే, కానీ ఉన్నవాళ్లలో ముందున్నాం. తర్వాత చైనా, జపాన్, కొరియాలు జీతాలిచ్చే లీగులు పెట్టుకున్నాయి. 1991లో చైనాలో తొలి మహిళల ప్రపంచకప్ జరిగింది. మనం ఆనాటి నుంచి ఈనాటి దాకా అక్కడికి వెళ్లలేదు. 1990ల మొదట్లో మహిళల ఆట కూడా అఖిల భారత సమాఖ్య కిందకు వచ్చింది. వచ్చి ఒరిగిందేమిటంటే, ఏడాదిన్నరకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడించకపోవడంతో 2009లో ఫిఫా మన మహిళల జట్టును ర్యాంకుల పట్టిక నుంచే తీసేసింది. ఓడి కిందికి పోవడం ఒకటి, ఆడక మాయమవడం ఇంకొకటి.

ఇంఫాల్ మిడ్‌ఫీల్డర్

ఆ ఎడారి కాలాన్ని భుజాల మీద మోసిన మనిషి ఒకరున్నారు. ఓయినం బెంబెం దేవి. 1980 ఏప్రిల్ 4న ఇంఫాల్‌లో పుట్టింది. మిడ్‌ఫీల్డర్. అమ్మాయిలకు జట్టు లేని రోజుల్లో చిన్నప్పుడు అబ్బాయిల్లో కలిసిపోయి ఆడింది. 1995లో పదిహేనేళ్ల వయసులో ఆసియా చాంపియన్‌షిప్‌లో గువాం మీద దేశానికి ఆడటం మొదలుపెట్టింది. ఆపింది 2016లో. ఇరవై ఒక్క సంవత్సరాలు.

ఈ ఇరవై ఒక్క సంవత్సరాలను మనం సరిగ్గా ఊహించుకోవాలి. ఆమె ఆడటం మొదలుపెట్టినప్పుడు దేశంలో మహిళల లీగు లేదు, దేశానికి ఆడటం మానేసే నాటికి కూడా లేదు. భారత మహిళల లీగు మొదలైంది 2016–17 సీజన్లో. అంటే దేశం చూసిన గొప్ప మిడ్‌ఫీల్డర్ తన అంతర్జాతీయ ఆట జీవితమంతా సొంత గడ్డ మీద జాతీయ స్థాయి లీగనేదే లేకుండా గడిపింది. కొన్ని ఏళ్లు జాతీయ జట్టుకు మ్యాచ్‌లే లేవు. అయినా 2010లో ఢాకాలో దక్షిణాసియా క్రీడల స్వర్ణం, 2010, 2012, 2014లో వరసగా మూడు దక్షిణాసియా (శాఫ్) చాంపియన్‌షిప్‌లు. ముప్పై నాలుగేళ్ల వయసులో మాల్దీవుల్లో న్యూ రేడియంట్ క్లబ్బుకు వెళ్లి ఆడొచ్చింది. 2016 ఫిబ్రవరిలో ఈశాన్య భారతంలోనే జరిగిన దక్షిణాసియా క్రీడల్లో స్వర్ణంతో సెలవు తీసుకుంది. సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు 2001లో ఒకసారి, 2013లో ఇంకోసారి. ఆ రెంటికీ నడుమ పన్నెండేళ్లు. 2017లో అర్జున, 2020లో పద్మశ్రీ.

నడుమ ఆడేవాళ్లకు ఇంత దీర్ఘమైన ఆట సాధ్యమవడానికి ఒళ్లు ఒక్కటే సరిపోదు. ఇంట్లో అన్నం సంగతి ఎవరో చూసుకోవాలి. బెంబెం దేవికి మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం. ఆమె తర్వాతి తరంలో 2020లో స్కాట్లాండ్ రేంజర్స్ క్లబ్బుకు వెళ్లిన బాలాదేవి కూడా మణిపూర్ పోలీసే. జాతీయ పోటీల్లో మణిపూర్ అమ్మాయిలు దశాబ్దాలుగా రాజ్యమేలుతున్నారంటే కొండగాలి మహిమ అని రాసేవాళ్లున్నారు. గాలి సరే. ఇంఫాల్‌లో ఊరూరా క్లబ్బులున్నాయి, ఆ క్లబ్బులో రాణించిన పిల్లకు పోలీసు యూనిఫాం ఎదురుచూస్తుంటుంది. యాభైల్లో హైదరాబాద్ మగపిల్లలకు దొరికిందే తొంభైల్లో మణిపూర్ ఆడపిల్లలకు దొరికింది. మధ్యలో మనం ఆ దారి మరిచిపోయాం.

ఇంకొక మిడ్‌ఫీల్డర్‌ను ఇక్కడ తలుచుకోవాలి, మన జట్టుతో ముడిపడిన కథ కాబట్టి. బ్రెజిల్ ఫోర్మిగా. ఆమె 1978లో పుట్టినప్పటికి ఆ దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మీద నిషేధం ఇంకా ఉంది. అలాంటి దేశంలో పెరిగి ఏడు ప్రపంచకప్‌లు, ఏడు ఒలింపిక్స్ ఆడింది. మగవాళ్లలో కూడా ఎవరికీ లేని లెక్క అది. బెంబెం దేవి భారత జెర్సీ తొడిగిన 1995లోనే ఫోర్మిగాకు తొలి ప్రపంచకప్. ఆమె దేశానికి ఆడిన ఆఖరి మ్యాచ్ 2021 నవంబరు 25న మనౌస్ నగరంలో. ఆ రోజు అవతలి పక్క ఉన్నది భారత జట్టు. బ్రెజిల్ 6–1తో గెలిచింది. మనకొచ్చిన ఆ ఒక్క గోలు పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ కొట్టింది, ఎనిమిదో నిమిషంలో. బ్రెజిల్ గడ్డ మీద కాసేపు స్కోరు సమానంగా నిలబెట్టిన గోలు. ఆ రాత్రి ఇక్కడ ఎంతమంది టీవీ పెట్టారో గానీ, భారత మహిళల ఫుట్‌బాల్‌లో కొత్త తరం మొదలైంది దాదాపు అప్పటి నుంచే అని నా లెక్క.

నిజామాబాద్ పిల్ల

సౌమ్య ఆ తరం మనిషి. 2001లో పుట్టింది. ఆడపిల్లలను ఆటల్లో పైకి పంపడంలో నిజామాబాద్ జిల్లాది చెయ్యి తిరిగిన పనే. బాక్సింగ్‌లో 2022, 2023 ప్రపంచ చాంపియన్ నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణది ఆ జిల్లాలోని పాకాల, ఆమెదీ లంబాడా కుటుంబమే. ఒకే జిల్లా నుంచి ఇంతమంది ఆడపిల్లలు రావడాన్ని నీళ్లలో ఏదో ఉందని కొట్టిపారేయడం తేలిక. పూర్ణ చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. అన్నం, పడక, బడి, శిక్షణ ఒకే కప్పు కింద దొరికితే పిల్ల ఎంతదాకా పోతుందో చూపించిన ఉదాహరణ అది.

సౌమ్యకు ఆట నిజామాబాద్‌లో అబ్బింది. బతుకుతెరువు మాత్రం అక్కడ దొరకలేదు. దొరకదు కూడా. తెలుగు రాష్ట్రాల నుంచి భారత మహిళల లీగు పైవరసలో ఆడే పెద్ద జట్టు లేదు. అందుకని ఆమె కెరీర్ రాస్తే రైల్వే టైంటేబుల్‌లా ఉంటుంది. ముంబైలో కెంక్రె, కోజికోడ్‌లో గోకులం కేరళ, అక్కడి నుంచి క్రొయేషియా, మళ్లీ కేరళ, ఆ తర్వాత కోల్‌కతా. నిజామాబాద్ నుంచి బయలుదేరిన పిల్లకు మలయాళం మెస్సు, బెంగాలీ డ్రెస్సింగ్ రూము. ఇంటి దగ్గర ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

క్రొయేషియా ముచ్చట కొంచెం ఆగి చెప్పాలి. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్, సౌమ్య ఇద్దరూ జాగ్రెబ్‌లో ట్రయల్స్‌కు వెళ్లారు. డైనమో జాగ్రెబ్ మహిళా జట్టు ఇద్దరినీ తీసుకుంది. అంతకుముందు యూరప్ క్లబ్బుల్లో ఆడిన భారత అమ్మాయిలను గుర్తుచేసుకుంటే ఒకరిద్దరే తడతారు: 2015లో వెస్ట్‌హాంకు గోల్‌కీపర్ అదితి చౌహాన్, 2020లో రేంజర్స్‌కు బాలాదేవి. అదే 2022లో మనీషా సైప్రస్‌కు వెళ్లింది. ఆ వేసవిలోనే, ఆగస్టులో, ఫిఫా భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. బయటివాళ్ల జోక్యమని కారణం చెప్పింది. పదకొండు రోజుల్లో ఎత్తేసింది గానీ, ఆ పదకొండు రోజుల్లోనే ఆసియా క్లబ్ పోటీలకని తాష్కెంట్ దాకా వెళ్లిన గోకులం కేరళ అమ్మాయిలు ఆడకుండా తిరిగొచ్చారు. పెద్దవాళ్ల కుర్చీల తగాదాకు జరిమానా కట్టింది ఆడపిల్లలు. అదే ఏడాది జనవరిలో ఇంకో దెబ్బ: సొంత గడ్డ మీద ఆసియా కప్, నవీ ముంబైలో ఇరాన్‌తో 0–0 డ్రా, ఆ వెంటనే శిబిరంలో కొవిడ్, రెండో మ్యాచ్‌కు దించడానికి సరిపడా మనుషుల్లేక టోర్నీ నుంచే తప్పుకోవడం. ప్రపంచకప్‌కు దారి ఉన్న టోర్నీ అది.

సౌమ్య కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కు మారాక వచ్చింది 2024–25 సీజన్. ఆ క్లబ్బుకు వందేళ్ల చరిత్ర ఉంది గానీ మహిళల లీగు అప్పటిదాకా గెలవలేదు. అంతకుముందు గోకులంను గెలిపించిన కోచ్ ఆంథొనీ ఆండ్రూస్‌ను తెచ్చుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కల్యాణి మైదానంలో అప్పటి చాంపియన్ ఒడిశా ఎఫ్‌సీతో మ్యాచ్. గెలిస్తే టైటిల్. 1–0తో గెలిచారు. ఆ ఒక్క గోలూ సౌమ్యదే. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిస చేప ధర పెరుగుతుందంటారు. ఆ రోజు పెరిగి ఉంటే ఒక తెలుగు పిల్ల పుణ్యమే. మరుసటి నెలకే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు.

దేశంలో ఉత్తమ ఫుట్‌బాలర్ అనగానే కోట్లు అనుకుంటాం, క్రికెట్ అలవాటు. మహిళల లీగులో క్లబ్బులు కనీసం పదిమంది భారత అమ్మాయిలకైనా ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలన్న నిబంధన వచ్చిందే 2023లో. నెలకు ఇరవై ఆరు, ఇరవై ఏడు వేలు. పేరున్నవాళ్లకు ఇంకా ఎక్కువే ఉంటుంది, కాదనను. కానీ కనీసమన్నది అక్కడుంది, అదీ కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లే. మోకాలి లిగమెంటు తెగితే ఎనిమిది నెలలు, ఒక్కోసారి ఏడాది.

ఆ మాట అనుకున్నప్పుడు సంగీతా బాస్ఫోర్ గుర్తొస్తుంది. బెంగాల్‌లోని కల్యాణి అమ్మాయి, అచ్చమైన మిడ్‌ఫీల్డర్. మోకాలి గాయంతో చాలాకాలం ఆటకు దూరమై తిరిగొచ్చిన మనిషి. 2025 జూన్, జులైలలో థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మయిలో ఆసియా కప్ అర్హత పోటీలు. మంగోలియా మీద 13–0, తిమోర్ లెస్తె మీద 4–0, ఇరాక్ మీద 5–0. ఆఖరి మ్యాచ్ జులై 5న థాయ్‌లాండ్‌తో, వాళ్ల గడ్డ మీద. రెండుసార్లు ప్రపంచకప్ ఆడిన జట్టు, ర్యాంకు 46. మనది 70. గెలిచినవాళ్లకే టికెట్టు. 2–1తో గెలిచాం. రెండు గోల్సూ సంగీతవే. అర్హత పోటీలు ఆడి గెలిచి భారత మహిళలు ఆసియా కప్‌కు చేరడం అదే మొదలు. 2026 మార్చి నాటి ఆస్ట్రేలియా పోటీల్లో మన గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ పడ్డాయి. పేపర్లో పేరు పడని చోట ఆడే అమ్మాయి ఆ రోజు మొదటి పేజీకెక్కింది. సంగీత ఆట వెనక సశస్త్ర సీమా బల్ ఉంది, ఆ దళం జట్టుకు ఆడింది. మళ్లీ యూనిఫామే.

మెట్టలో ఏం చేయాలి

ఇప్పుడు నందిగామ, జగ్గయ్యపేటల సంగతి. మన ప్రభుత్వాలు ఆటగాళ్లకు కొలువులు ఇవ్వవని కాదు. పీవీ సింధును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరును చేసింది. నిఖత్ జరీన్‌ను తెలంగాణ డీఎస్పీని చేసింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఈ రెండూ ప్రపంచ వేదికల మీద పతకాలు గెలిచి వచ్చాక ఇచ్చినవి. బలరాంకు, బెంబెం దేవికి ఆసరా దొరికింది గెలవకముందు, ఎవరో తెలియని వయసులో. ఒక్కరే ఆడే ఆటల్లో ఆ తేడా కొంత సర్దుకుపోతుందేమో గానీ, పదకొండు మంది ఆడే ఆటలో ఒక్క చాంపియన్‌కు భూమి, నగదు, పదవి ఇస్తే జట్టు పుట్టదు. ఇరవై మంది పిల్లలకు అయిదేళ్లు అన్నం పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచి అడుగే. అయితే ఆ కోటాలో అడగడానికి రాష్ట్ర జట్టు సర్టిఫికెట్టు కావాలి, రాష్ట్ర జట్టుకు పోవాలంటే జిల్లా జట్టు కావాలి, జిల్లా జట్టుకు పోవాలంటే బడిలో బంతి ఉండాలి. మనకు తెగిపోయింది ఆ మొదటి లంకె.

రాష్ట్రంలో అది అతికిన చోటు ఒకటుంది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ క్రీడాగ్రామం. కరువు జిల్లాలో పచ్చిక మైదానాలు వేసి, పల్లె ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. వానల్లేని అనంతపురంలో పచ్చిక పెరిగినప్పుడు మునేరు, కృష్ణ రెండూ తడిపే తాలూకాల్లో పెరగదా?

డబ్బెక్కడిది అంటారు. కొంచెం తలెత్తి చూడండి. జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ. మన సున్నపురాయితో నడిచే ఫ్యాక్టరీలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఏయే పనులకు పెట్టొచ్చో చట్టంలోని ఏడో షెడ్యూలులో జాబితా ఉంది. అందులో గ్రామీణ క్రీడలకు శిక్షణ కూడా ఒకటి. ప్రెస్టన్‌లో నూరేళ్ల కిందట మందుగుండు ఫ్యాక్టరీ చేసింది సిమెంటు ఫ్యాక్టరీలు చేయలేవని నేననుకోను. ఒక గోల్‌పోస్టుల జత, ఇరవై బంతులు, వారానికి అయిదు రోజులు వచ్చే ఒక శిక్షకురాలు, సాయంత్రం గుడ్డూ పాలూ. బడ్జెట్ ఇంతే. ఊళ్లో ఏదో ఆర్చి కట్టించే ఖర్చుకన్నా ఎక్కువవదు.

తల్లిదండ్రులకు ఒక పనికొచ్చే మాట. ఫుట్‌బాల్ సమాఖ్యలో ఆడే ప్రతి పిల్లకూ ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది, దానికి జనన ధ్రువపత్రం కావాలి. తండాల్లో, చేల మధ్య ఇళ్లల్లో చాలామంది పిల్లలకు బడిలో వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. వయసు పోటీల్లో అక్కడే పిల్లలు తప్పిపోతారు. ఆట మొదలుపెట్టకముందే ఆ కాగితం సరిచేయించండి. పీఈటీ మాస్టార్లకు, మేడమ్‌లకు మనవి: ఖోఖోలో పాదరసంలా తిరిగే పిల్ల ఎవరో మీకు తెలుసు, ఆ పిల్ల కాళ్ల దగ్గర ఒకసారి ఫుట్‌బాల్ పెట్టి చూడండి. మహిళల కోసం కేంద్రం నడిపే అస్మిత లీగుల్లో ఫుట్‌బాల్ ఉంది, ఎంపికల ప్రకటన వస్తే నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకుండా బస్సెక్కించి తీసుకెళ్లండి.

ఇక ఫ్యాక్టరీల గేటు ముందు నిలబడి ఏడో షెడ్యూలు గురించి అడగాల్సింది పంచాయతీలు, బడి కమిటీలు. వచ్చే గ్రామసభలో ఆ తీర్మానం పెట్టండి.